నోట్లోకి వెళ్ళినవన్నీ

మా అమ్మాయి దొంగతనంగా తింటోందని పైకి అన్నది అల్లుడే గానీ, అంతకు ముందే లోపల అనుకున్నది నేను. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

అమ్మాయికి ముప్ఫై ఆరేళ్ళు. మా ఆయన పోయాక బైండింగ్ షాపు తనే నడుపుతోంది. షాపంటే మా ఇంటి ముందు గదే. కిటికీ కింద పొడుగాటి బల్ల, ఒక మూల అట్టలు కోసే మిషను, ఇంకో మూల పుస్తకాలను నొక్కిపెట్టే ఇనుప ప్రెస్సు. కాలేజీ లైబ్రరీ నుంచి, కోర్టు నుంచి, బడుల నుంచి వీపు ఊడిన పుస్తకాలు మూటలుగా వస్తాయి. కొత్తగా అచ్చయిన ఫారాలు కూడా వస్తాయి. ఫారమంటే పదహారు పేజీలు ఒకే కాగితం మీద అచ్చయినది. మూడు మడతలు వేస్తే పేజీలన్నీ వరసలోకి వస్తాయి. మడత పని నాది. నలభై ఏళ్ళు మూలనున్న గుర్తు చూసి మడిచానే తప్ప వాటి మీద ఏం రాసుందో ఎరగను. ఆయన పోయిన ఏడాది అమ్మాయి ఒకటో తరగతి వాచకం ఒకటి నా ముందు పెట్టి, కుట్టు ఊడినదే కాబట్టి నలిగినా ఫరవాలేదని అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు ఫారం మడుస్తూ మడుస్తూ మధ్యలో ఆగి చదువుతుంటాను. దాంతో పని వెనకబడుతోందని దాని గొణుగుడు.

అల్లుడు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోడు. ఇంట్లో కూడా అంతే. చారెడు ఉప్పు వెయ్యమంటే ఎవరి చేత్తో చారెడు అని అడిగే మనిషి.

అమ్మాయి జబ్బు రెండేళ్ళు ఎవరికీ అంతు చిక్కలేదు. తిన్న గంటకి కడుపు డప్పులా ఉబ్బేది. ఒంట్లో రక్తం లేదని మాత్రలు ఇచ్చారు, అవి మింగినా రక్తం పట్టలేదు. చెంపలు లోపలికి పోయాయి. ఒకరోజు ప్రెస్సు చక్రం తిప్పబోయి, సగం తిప్పి, దాన్నే పట్టుకుని వేలాడినట్టు నిలబడిపోయింది. చివరికి పెద్దాసుపత్రి డాక్టరు గొట్టం వేసి చూసి, రక్తం పరీక్షలు చేయించి, ఇది ఆటోఇమ్యూన్ జబ్బు అన్నాడు. గోధుమ లోపలికి వెళ్ళగానే ఒళ్ళు దాన్ని చూసి కత్తి దూస్తుందట. ఆ దూసిన కత్తితో సొంత పేగునే కోసుకుంటుందట. మందేమిటని అడిగితే గోధుమ మానడమే మందన్నాడు. జీవితాంతం.

సరే, మానేశాం. దానికి పెట్టకుండా మేం తినడం ఏం బాగుంటుందని ఇంట్లో అందరం మానేశాం. రొట్టె, బిస్కెట్, రవ్వ, సేమ్యా, ఏదీ గడప దాటి రాలేదు. అల్లుడు జేబులో భూతద్దం పెట్టుకుని సరుకులకు వెళ్ళేవాడు. డబ్బా మీద సన్నక్షరాల్లో ఏం కలిపారో రాస్తారట. ఒక్కో డబ్బా తిప్పి తిప్పి చదువుతుంటే కొట్టువాడు తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని కూర్చోమని కుర్చీ వేశాడు. ఈయన కూర్చుని మరీ చదివాడు.

ఆరు నెలలైంది. మళ్ళీ రక్తం పరీక్ష చేస్తే, జబ్బు ఎంతుందో చెప్పే అంకె కాస్త కూడా దిగలేదు. కడుపు ఉబ్బరం అలాగే ఉంది. డాక్టరు మమ్మల్ని ఆసుపత్రిలోనే ఉండే డైట్ మేడమ్ దగ్గరికి పంపాడు. చిన్నమ్మాయి. నవ్వుతూ మాట్లాడుతుంది గానీ కోత మాత్రం గట్టిగా కోసింది. గోధుమతో పాటు ఇంకేదో పడటం లేదేమో, అన్నీ ఒకేసారి తీసేసి, ఒళ్ళు కుదుటపడ్డాక ఒక్కోటీ మళ్ళీ ఇచ్చి చూద్దామంది. పాలు, పెరుగు, గుడ్లు, వేరుశనగ, సోయా, టమాటా, వంకాయ, మొక్కజొన్న, అన్నీ పోయాయి. అన్నం, నాలుగైదు రకాల కూరగాయలు, ఉడికించిన కోడిమాంసం మిగిలాయి. నీళ్ళు ఉంచినందుకు దణ్ణం పెట్టాలి అంది అమ్మాయి.

ఆరు వారాలు అదే తిండి. అల్లుడు తెల్లవారుతూనే లేచి తూకం వేసి వండి డబ్బాలో సర్ది మరీ పనికి వెళ్ళేవాడు. అమ్మాయి టీ లేని పొద్దులు గడిపింది. ఆరు వారాలయ్యాక చూస్తే ఏ మార్పూ లేదు. డాక్టరు తల అడ్డంగా ఊపి, ఇంకో మూడు నెలల్లో అంకె దిగకపోతే గట్టి మందు మొదలుపెట్టక తప్పదన్నాడు. ఆ మందుతో ఎముకలు గుల్లబారతాయట, ముఖం ఉబ్బుతుందట, చిన్న జలుబు కూడా పెద్దదవుతుందట. బయటికి వస్తుంటే డైట్ మేడమ్ అల్లుడిని పక్కకు పిలిచి, బయట ఏమన్నా తింటున్నారేమో మెల్లగా కనుక్కోండి, చాలామంది చెప్పరు అందట. ఆ మాటతో మా ఇంట్లో పుల్ల వెలిగింది.

నాలుగు రోజులకు షాపు చెత్తబుట్టలో అల్లుడికి బిస్కెట్ కాగితం దొరికింది. తీసుకొచ్చి బల్ల మీద పెట్టి, వేలితో చదును చేసి నిలబడ్డాడు. లైబ్రరీ పుస్తకంలో వచ్చింది, ఎవరో పేజీ గుర్తుకి పెట్టుకున్నారు అంది అమ్మాయి.

"బిస్కెట్ కూడా పుస్తకంలోనే వచ్చిందా?" అన్నాడు.

అమ్మాయి కుడుతున్న పుస్తకం పక్కన పెట్టింది. "నేను తిన్నానంటారా?"

"నేననలేదు. అంకె అంటోంది."

దాంతో మాటల్లేవు. అడిగినదానికి గోడకు చెప్పినట్టు జవాబు చెప్పడం, డబ్బా అందించినా అందుకోకుండా బల్ల మీద పెట్టించడం. నాకు తెలుసు, పాత పుస్తకాల్లో ఏవైనా దొరుకుతాయి. బస్సు టిక్కెట్లు, తలపిన్నులు, కోడి ఈక, ఒకసారి ఎండిపోయిన బల్లి. ఆ మాట నేను చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఎందుకంటే నాకూ అనుమానమే. ఆరు నెలలు నోరు కట్టుకున్న మనిషి ఒక బిస్కెట్ తినేసిందంటే తిట్టబుద్ధి కాలేదు గానీ, తినలేదంటే నమ్మబుద్ధీ కాలేదు. చిన్నప్పుడు బెల్లం డబ్బా ఖాళీ చేసి చీమలు తిన్నాయన్న పిల్ల మరి.

అల్లుడు నన్ను వంటింట్లోకి పిలిచాడు. గొంతు తగ్గించి, "అత్తయ్యా, మీరు రోజంతా దాని పక్కనే ఉంటారు. కాస్త కనిపెట్టి చూడండి. తిట్టడానికి కాదు. ఆ మందు దాకా వెళ్ళకూడదని," అన్నాడు. ఆ చివరి మాట అనేటప్పుడు ముఖం గిన్నెల వైపు తిప్పుకున్నాడు.

డైట్ మేడమ్ రాసుకోమని ఇచ్చిన పుస్తకం ఒకటి ఉంది. నోట్లోకి వెళ్ళినవన్నీ, ఏదీ వదలకుండా, వెళ్ళిన వేళతో సహా రాయాలని దాని మొదటి పేజీలోనే ఉంది. అప్పటిదాకా అల్లుడు సాయంత్రం వచ్చి అడిగి రాసేవాడు. ఇప్పుడు నేను రాస్తానన్నాను. రాతలో కూడా అభ్యాసం అవుతుందని అమ్మాయితో చెప్పాను. అది నా వైపు ఒక చూపు చూసి, "కాపలా పెట్టారన్నమాట," అని మళ్ళీ పనిలో పడింది. దాని కళ్ళు కప్పడం నా తరమా.

ఆ రోజు కళ్ళలో ఒత్తులు వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా ఫారాల దొంతర, ఒళ్ళో ఆ పుస్తకం. రాయమన్నది రాయమన్నట్టే రాయాలి కదా. ఏదీ వదలకుండా అన్నారు, నేను వదల్లేదు. ఎనిమిదింటికి మంచినీళ్ళు. ఎనిమిదింబావుకి రక్తం మాత్ర. తొమ్మిదింటికి సూదిలో ఎక్కించడానికి దారం కొస నోట్లో తడిపింది, రాశాను. రెండు చేతులూ పనిలో ఉంటే సూదిని పెదాల మధ్య పట్టుకుంది, రాశాను. పదింటికి ఫారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వేలు అని రాశాను. మళ్ళీ వేలు. మళ్ళీ వేలు. వేలు అనే మాటలో వకారం నాకు మొదటి నుంచీ ఇబ్బందే, పకారంలా పడుతుంది. ఇరవై సార్లు రాసేసరికి చెయ్యి పీకింది. తర్వాత నుంచి ఊరికే నిలువు గీతలు పెట్టాను. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, సొరకాయ, కోడి. మళ్ళీ గీతలు. సాయంత్రం ఆరింటిదాకా ఇంకేమీ వెళ్ళలేదు. బిస్కెట్ లేదు, రొట్టె లేదు, పక్కింటి నుంచి ఏమైనా అందించినవాళ్ళు లేరు.

మూడు రోజులు అలాగే రాశాను. మూడో రోజు సాయంత్రానికి నాకు ఒక సంగతి ఖాయంగా తెలిసింది. మా అమ్మాయి ఏమీ తినడం లేదు. అల్లుడితో చెప్పాను. నమ్మాడో లేదో గానీ సరే అన్నాడు. ఆ వారంలోనే మేడమ్ దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. ముగ్గురం వెళ్ళాం. భార్యాభర్తల మధ్య కుర్చీలో నేను కూర్చున్నాను, సరిహద్దు రాయిలా.

మేడమ్ పుస్తకం తిప్పుతూ తిప్పుతూ ఆగింది. కళ్ళజోడు పైకి తోసుకుని ఇంకోసారి చూసింది.

"అమ్మగారూ, ఇదేంటి, ఇక్కడ వేలు అని రాశారు?"

"వేలేనమ్మా. బొటనవేలు."

"వేలెందుకు రాశారు?"

"నోట్లోకి వెళ్ళినవన్నీ రాయమన్నారు కదా. వెళ్ళింది, రాశాను."

అల్లుడు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. అమ్మాయి నా మోచేతి మీద గిల్లింది, పరువు తీశానని. మేడమ్ కూడా నవ్వింది. నవ్వుతూనే పేజీ తిప్పి, ఈ గీతలేమిటని అడిగింది. అవీ వేళ్ళేనని, రాయలేక గీతలు పెట్టానని చెప్పాను. పేజీ పైనుంచి కిందిదాకా గీతలే. మేడమ్ కలంతో వాటిని లెక్కపెట్టుకుంటూ వెళ్ళి సగంలో మానేసింది. నవ్వు కూడా మానేసింది.

"ఇన్నిసార్లు ఎందుకు?"

కాగితం లెక్కపెట్టాలంటే వేలు తడపకుండా ఎలా అన్నాను. మా ఆయన అలాగే చేసేవారు, ఆయనకు నేర్పిన మేస్త్రీ అలాగే చేసేవాడు. వేలు తడపని బైండరు నాకు తెలిసి లేడు.

"ఆ వేలికి ఏముంటుంది?"

"ఏముంటుంది, లై ఉంటుంది. అట్ట అంటించి, అదే చేత్తో లెక్కపెడుతుంది."

"లై అంటే?"

దానికి అమ్మాయి జవాబు చెప్పబోయింది. నోరు తెరిచింది. తన కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలిని అదేదో కొత్తగా మొలిచినట్టు చూసుకుంది. గోరు పక్కన తెల్లగా ఎండి పొర కట్టి ఉంది. బైండరు గోటికి ఎప్పుడూ ఉండేదే.

"మైదా," అంది.

లై అంటే మైదా పిండిని నీళ్ళలో ఉడికించిన జిగురు. మైదా అంటే గోధుమే. పురుగు పట్టకుండా కొందరు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం కాబట్టి వాళ్ళు వేలు నోట్లో పెట్టరు. మా ఆయన మైలుతుత్తం గడప తొక్కనిచ్చేవారు కాదు. ఇంట్లో పిల్ల తిరుగుతుంటుంది, ఏ రోజు లై ఆ రోజే కాచుకోవాలి అనేవారు. ఆ పిల్ల పెద్దదై, ఆయన బల్ల దగ్గరే కూర్చుని, రోజూ తాజాగా కాచిన మైదాను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాకుతూ ఉంది. మేమేమో రొట్టెను ఇంట్లోంచి తరిమేసి, భూతద్దం పెట్టి డబ్బాలు వెతుకుతున్నాం.

రాలిన రొట్టె పొడి అంత చాలట, రోజూ పడుతూ ఉంటే. మేడమ్ అది చెప్పి, కుర్చీలో వెనక్కి వాలి, నా పుస్తకం తన దగ్గర ఉంచుకోవచ్చా, తన తోటివాళ్ళకి చూపిస్తాను అని అడిగింది. ఏదీ వదలకుండా రాయమని అందరికీ చెబుతాను గానీ నిజంగా అలా రాసినవాళ్ళను ఇప్పుడే చూశాను అంది. ఆ పకారంలా పడిన వకారాలు దిద్దుకుని ఇస్తానన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాళ్ళిద్దరినీ ఒక సీట్లో కూర్చోనిచ్చి నేను వెనక కూర్చున్నాను. మూడు స్టాపులు దాటాయి. అల్లుడు మెడ కాస్త వంచి, "ఆ బిస్కెట్ కాగితం నిజంగానే పుస్తకంలోదా?" అన్నాడు. నాకు తలకొట్టుకోవాలనిపించింది. క్షమించమనడానికి అదొక పద్ధతా. అమ్మాయి కిటికీలోంచి బయటికే చూస్తూ, కాలేజీ లైబ్రరీ రసాయనశాస్త్రం, రెండో భాగం, నూట పన్నెండో పేజీ అని చెప్పింది. ఆయన ఇంకో స్టాపు దాకా ఆలోచించి, తనది తప్పే అన్నాడు. నాది కూడా అని నేను వెనక నుంచి ముందుకు వంగి చెప్పాను. ఇద్దరూ ఒకేసారి చెప్పకండి, దాచుకుని దాచుకుని వాడుకుంటాను అంది అమ్మాయి.

మర్నాటి నుంచి లైలో మైదా మానేసి కర్రపెండలం పిండి పెట్టాం. మొదటి వాయి నీళ్ళగా వచ్చి అట్టలన్నీ అప్పడాల్లా వంకర తిరిగాయి. అల్లుడు గరిటెలూ చెంచాలూ లెక్క వేసి, ఎనిమిదో వాయికి పట్టు కుదిర్చాడు. పాత పిండి డబ్బా పారేసి బల్లంతా వేడినీళ్ళతో కడిగాం. బ్యాంకులో గుమాస్తా ముందుండే తడి స్పాంజి డబ్బా ఒకటి తెచ్చి పెట్టాం. ఇప్పుడు లై మంచిదే అయినా, పాత పుస్తకాల వీపులు గీకితే పాత మైదా రాలుతుంది కదా. అయితే ముప్ఫై ఏళ్ళ అలవాటు స్పాంజి మాట వింటుందా. పక్కనే డబ్బా ఉంటే వేలు నేరుగా నోటికే వెళ్ళేది. చివరికి నేను కాకరకాయ రసం తీసి, పాలు మాన్పించే చంటిపిల్లకు చేసినట్టు దాని బొటనవేలికి పూశాను. అది ముఖం వికారంగా పెట్టినప్పుడల్లా ఒకటి అని లెక్కపెట్టేదాన్ని. మొదటి రోజు నలభై. వారం తిరిగేసరికి రెండు.

మూడు నెలలకు అంకె సగానికి పైగా దిగింది. గట్టి మందు మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు. ఉబ్బరం పోయింది. ఒకరోజు నేను ఫారం చదువుకుంటూ ఉంటే కిర్రుమని శబ్దమైంది. తలెత్తి చూస్తే అమ్మాయి ప్రెస్సు చక్రం చివరిదాకా తిప్పి, అది సరిపోదన్నట్టు ఇంకో పావు తిప్పుతోంది.

ఇక తీసేసినవి ఒక్కోటీ తిరిగి ఇవ్వడం. దానికీ పద్ధతి ఉంది. మొదటి రోజు ఒక చెంచా, రెండో రోజు నాలుగు, మూడో రోజు కడుపు నిండా, తర్వాత మూడు రోజులు ఆగి చూడాలి. తేడా వస్తే ఆ వస్తువు పక్కకు పోతుంది. పాలు వచ్చాయి, ఫరవాలేదు. టీ తాగి ఆ రోజు పదకొండు పుస్తకాలు కుట్టింది. గుడ్లు వచ్చాయి. టమాటా వచ్చింది. ఆ తర్వాత వేరుశనగ వంతు. అమ్మాయికి వేయించిన వేరుశనగలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. అల్లుడు పొద్దున ఒక చెంచాడు కొలిచి గిన్నెలో పెట్టి, మిగతా పొట్లం అలమరలో పెట్టి పనికి వెళ్ళాడు. నేను పుస్తకంలో ఒక చెంచా అని రాసుకున్నాను. ఇప్పుడు నా వకారం కాస్త నయం.

మధ్యాహ్నం మూడింటికి అమ్మాయి పొట్ట పట్టుకుని వాలుకుర్చీలో పడింది. అల్లుడికి ఫోన్ చేస్తే చేతిలో అద్దం వదిలేసి వచ్చాడు. ఒక్క మాట అడగలేదు. ఎంత తిన్నావు, ఎప్పుడు తిన్నావు, ఏదీ అడగలేదు. పక్కన చతికిలపడి దాని పాదాలు రుద్దుతూ, "చెంచాడికే ఇంత బాధ పెట్టిందంటే అది నీకు విషమే. పోతే పోయింది, నేను కూడా మానేస్తాను, ఇంట్లోకి ఇక తేను," అన్నాడు. నన్ను రాయమన్నాడు. వేరుశనగ, జీవితాంతం వద్దు. నేను కలం తీశాను.

అమ్మాయి ఒక కన్ను తెరిచింది. ఆయన్ని చూసింది, నా కలాన్ని చూసింది. వేరుశనగను పోగొట్టుకోవడమా, పరువు పోగొట్టుకోవడమా అని లోపల బేరమాడుకుంటున్నట్టుంది.

"అమ్మా, రాయకు," అంది.

"ఏం?"

"చెంచాడు కాదు. పొట్లం."

అల్లుడు లేచి వెళ్ళి అలమర తెరిచాడు. పొట్లం ఉంది, మడత చెదరకుండా, ఖాళీగా. బైండరు కదా, మడత బాగానే పెట్టింది. నేను ఫారం చదువుకుంటున్నప్పుడల్లా అలమర దాకా వెళ్ళొచ్చిందట. అర కిలో. ఏ కడుపైనా పట్టుకుని కూర్చోవాల్సిందే.

ఆయన ఆ ఖాళీ పొట్లం చేతిలో పట్టుకుని వచ్చి దాని ఎదురుగా నిలబడ్డాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. "తినని రోజు తిన్నావన్నాను. తిన్న రోజు ఒక చెంచా అంటే నమ్మి పరుగెత్తుకొచ్చాను," అన్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక బల్ల అంచు పట్టుకున్నాడు. అమ్మాయి నవ్వితే పొట్ట నొప్పి, నవ్వకుండా ఉండలేదు. నవ్వుతూ మూలుగుతూ, నన్ను నవ్వించకండి అంటుంది, మళ్ళీ తనే నవ్వుతుంది. నేను గోరువెచ్చని నీళ్ళు పెట్టి ఇచ్చి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాశాను. వేరుశనగ, అర కిలో, పదింటి నుంచి ఒంటిగంట దాకా.

సాయంత్రానికి నొప్పి దానంతటదే తగ్గింది. మేడమ్‌కి ఫోన్ చేసి చెబితే, అర కిలోనా అని రెండుసార్లు అడిగింది. తర్వాత, అర కిలోకి కూడా పొద్దుగూకేసరికి తేరుకున్నారంటే ఇది జబ్బు పని కాకపోవచ్చు, వారం ఆగి మొదటి నుంచి మొదలుపెట్టండి అంది. వారం తర్వాత అల్లుడు ఒక చెంచాడు కొలిచి, అంచు దగ్గర వేలితో చదును చేసి, గిన్నెలో పోసి దాని ముందు పెట్టాడు. పనికి వెళ్ళేటప్పుడు పొట్లం తనతో పాటు పట్టుకెళ్ళనా అని నన్ను అడిగాడు. అక్కర్లేదు, అలమరలోనే పెట్టండి అంది అమ్మాయి, ఒక్కో గింజ కొరుకుతూ. ఆయన అక్కడే పెట్టి, చెప్పులు వేసుకుని బస్సుకి వెళ్ళిపోయాడు.